వించెస్టర్ ఇంట్లో దెయ్యాలు నిజమేనా? పాత ఇళ్ళు బాగుచేసే ఇంజనీరుగా నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాజమండ్రి నుంచి వచ్చిన మీ అత్తయ్యగారిని కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో వించెస్టర్ మిస్టరీ హౌస్ చూపించడానికి తీసుకెళ్ళారు. వించెస్టర్ తుపాకులకు బలైనవాళ్ళ ఆత్మలు పగబట్టాయని, వాటిని తికమకపెట్టడానికి ఆ ఇంటావిడ శారా వించెస్టర్ 38 ఏళ్ళపాటు రాత్రీ పగలూ ఆపకుండా ఇల్లు కట్టిస్తూనే ఉందని అక్కడ విన్నారు. కప్పుకు తగిలి ఆగిపోయే మెట్లు, తెరిస్తే నేరుగా కింద పడిపోయే తలుపు కళ్ళారా చూశారు. ఇప్పుడు మీరు కొనాలనుకుంటున్న 1920ల నాటి ఇంట్లో కూడా మేడ మీద ఒక తలుపు మేకులు కొట్టి మూసేసి ఉండేసరికి అత్తయ్యగారు "ఆ కొంప మనకొద్దమ్మా" అని పట్టుబట్టారు. ఆ కథలో నిజమెంత, ఈ ఇల్లు కొనొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వించెస్టర్ ఇంటి దెయ్యాల కథకు ఆధారం లేదు. ఆ వింత మెట్లు, తలుపులు చాలావరకు 1906 భూకంపం మిగిల్చినవి. మిగతావాటికి ఆవిడ కీళ్ళవాతం, ఆర్కిటెక్టు లేకుండా తనే ప్లాను గీసుకోవడం కారణాలు. మీ ఇంటి తలుపు సంగతి కూడా ఎక్కువభాగం అలాంటిదే అయ్యుంటుంది, దాని గురించి కింద రాస్తాను. నేను శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, పాత చెక్క ఇళ్ళకు భూకంపం తట్టుకునేలా మరమ్మతులు చేయించే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, అందుకని ఈ కథను ఇంటివైపు నుంచే చెబుతాను.

శారా వించెస్టర్ 1839 ప్రాంతంలో కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో పుట్టింది. పుట్టింటి పేరు పార్డీ. ఈ ఒక్క సంగతి టూర్లలో పెద్దగా వినపడదు గానీ నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది: ఆవిడ తండ్రి వడ్రంగి. ఇళ్ళకు, గుర్రపుబండ్లకు కావలసిన నగిషీ చెక్కపనుల వ్యాపారం చేశాడు. అంటే చిన్నప్పటి నుంచి రంపపు పొట్టు వాసన మధ్య పెరిగిన పిల్ల. 1862లో తుపాకుల కంపెనీవాళ్ళ అబ్బాయి విలియం వించెస్టర్‌తో పెళ్ళయింది. 1866లో ఆడపిల్ల పుట్టింది, ఆనీ అని పేరు పెట్టుకున్నారు, నలభై రోజులకే పోయింది. మళ్ళీ పిల్లలు లేరు. 1880లో తల్లి, ఆ ఏడాది చివర్లో మామగారు, 1881 మార్చిలో క్షయతో భర్త, ఇలా వరసగా పోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు కాలిఫోర్నియా వచ్చి, 1886లో శాన్ హోసే ఉన్న శాంటా క్లారా లోయలో 45 ఎకరాల పొలంతో పాటు ఎనిమిది గదుల పల్లెటూరి ఇల్లు కొని, దాన్ని పెంచుకుంటూ పోయింది.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. ఆవిడ పోయింది 1922 సెప్టెంబరు 5న. 1886 నుంచి 1922 దాకా ఎంత? 36 ఏళ్ళు. మరి 38 ఏళ్ళు ఆపకుండా కట్టడమెలా? 38 రావాలంటే 1884లో మొదలుపెట్టాలి, అప్పటికి ఆ ఇల్లు ఆవిడది కానే కాదు. పైగా ఆవిడ రాసిన ఉత్తరాలు ఉన్నాయి, వాటిలో అలసిపోయి పనివాళ్ళను పంపించేశాననీ, ఇల్లు సగంలో ఉండిపోయిందనీ ఆవిడే రాసుకుంది. 2010లో మేరీ జో ఇగ్నాఫో అనే చరిత్రకారిణి ఆ ఉత్తరాలు, లెక్కల కాగితాలు, కోర్టు దస్తావేజులు తిరగేసి శారా జీవితచరిత్ర రాశారు. నెలల తరబడి పని ఆగిన సందర్భాలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. రాత్రింబవళ్ళు సుత్తి చప్పుడు అన్నది తర్వాత అతికించిన ముచ్చట.

ఇక బోస్టన్‌లో చనిపోయినవాళ్ళతో మాట్లాడించే ఒకాయన "పడమటికి వెళ్ళు, ఇల్లు కట్టు, ఆపితే చస్తావు" అని చెప్పాడంటారే, ఆ మనిషి పేరు ఆవిడ బతికుండగా ఎక్కడా లేదు. ఆవిడ పోయిన నలభై ఏళ్ళకు పైన, 1960ల్లో వచ్చిన దెయ్యాల పుస్తకాల్లో ఆ పేరు దర్శనమిచ్చింది. ఎన్నో ఏళ్ళు ఆవిడను కనిపెట్టుకుని ఉన్న నర్సు మాత్రం, అమ్మగారికి ఇలాంటి వాటి మీద నమ్మకమే లేదని తేల్చిచెప్పింది. పక్కన ఉండి చాకిరీ చేసిన మనిషి మాట నమ్మాలా, మొహం కూడా చూడనివాళ్ళ మాట నమ్మాలా?

సరే, మరి మెట్లు కళ్ళతో చూశాం కదా అంటారు. చూశారు. కానీ మీరు చూసింది మిగిలిన ఇల్లు.

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చింది. దాదాపు 7.9 తీవ్రత. శాన్ హోసే కూడా బాగా దెబ్బతింది. అప్పటికి శారా ఇంటికి ఏడంతస్తుల బురుజు ఉండేది. ఇప్పుడు పోయి చూడండి, నాలుగు అంతస్తులే కనిపిస్తాయి. బురుజు కూలింది, పై అంతస్తులు విరిగాయి. ఊగుడు కింద కంటే పైన ఎక్కువ ఉంటుంది, దాని మీద ఇటుకల పొగగొట్టాలు. ఇటుక గొట్టం చెక్క ఇంటితో కలిసి వంగదు, పెళుసుగా విరిగి కప్పును పొడుచుకుంటూ కిందికి దిగుతుంది. 1989 అక్టోబరులో వచ్చిన లోమా ప్రియెటా భూకంపంలో కూడా ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళలో ఎన్నిటికో ముందు పోయింది పొగగొట్టమే.

శారా కూలినదాన్ని తిరిగి కట్టలేదు. శిథిలాలు తీయించి, విరిగిన అంతస్తుల్ని కోయించి, మిగిలినదాని మీద కప్పు వేయించింది. ముందువైపు గదులు చాలావాటిని మూసేసింది. ఇప్పుడు ఆలోచించండి, మూడో అంతస్తు నుంచి నాలుగోదానికి మెట్లున్నాయి, నాలుగో అంతస్తు తీసేశారు, కప్పు వేశారు. ఆ మెట్లు ఎక్కడికి పోతాయి? కప్పుకే. రెండో అంతస్తు తలుపు బయట ఒక వరండానో ఇంకో గదో ఉండేది, అది పోయింది, తలుపు ఉంది. తెరిస్తే ఏముంటుంది? గాలి. ఇల్లు పెరుగుతూ పోవడం వల్ల ఒకప్పటి బయటి గోడ లోపలి గోడ అయిపోయి, గదికీ గదికీ మధ్య కిటికీలు మిగిలాయి. ఇందులో మాయ ఏమీ లేదు, పాత ఇల్లు విప్పి చూసేవాళ్ళకు ఇది రోజూ కనపడే వ్యవహారం.

ఆ పొట్టి మెట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దెయ్యాల్ని తికమకపెట్టడానికి అని చెప్పేవాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. నలభైకి పైగా మెట్లు, ఏడు మలుపులు, అంతా కలిపి ఎక్కేది సుమారు తొమ్మిది అడుగులు. మెట్టుకు రెండంగుళాల పైచిలుకు ఎత్తు. మామూలు మెట్టు ఏడంగుళాలు ఉంటుంది, ఆ తొమ్మిది అడుగులకు పదిహేను, పదహారు మెట్లు చాలు. శారా అయిదడుగులు కూడా లేని మనిషి, ఒళ్ళంతా కీళ్ళవాతం. కాలు రెండంగుళాలకు మించి ఎత్తలేని ముసలావిడ తన మేడ మీదికి తను ఎక్కడానికి అలా కట్టించుకుంది. మీ అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు ఉంటే ఆ మెట్ల విలువ మనకంటే ఆవిడకే ముందు తెలుస్తుంది. ఇంట్లో మూడు లిఫ్టులు పెట్టించింది కూడా అందుకే.

అసలు ఆ ఇంట్లో నిజంగా ఆశ్చర్యపోవాల్సినవి వేరే ఉన్నాయి, దెయ్యాల గోలలో ఎవరూ పట్టించుకోరు. మొక్కల గదికి పోయి చూడండి. నేల మీద చెక్క పలకలు ఎత్తితే కింద జింకు రేకు వాలుగా పరిచి ఉంటుంది. కుండీలకు నీళ్ళు పోస్తే మిగులు నీళ్ళు ఆ రేకు మీద జారి గొట్టం గుండా కింద తోటలోకి పోతాయి, చుక్క వృథా కాదు. బట్టలు ఉతికే తొట్లలో రుద్దే గరుకు పలక, సబ్బు పెట్టుకునే గూడు తొట్టితో పాటే అచ్చుపోసి ఉన్నాయి. ఏ గది నుంచి పిలిచారో పనివాళ్ళకు తెలిసే గంటల ఏర్పాటు, ఇంటికి సొంతంగా గ్యాసు తయారుచేసే యంత్రం. ఇవన్నీ వందేళ్ళ కింద. వడ్రంగి కూతురు చేతిలో డబ్బుంది, కాలం ఉంది, మొదట్లో పెట్టుకున్న ఆర్కిటెక్టులు నచ్చక తనే గీయడం మొదలుపెట్టింది. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని కుదరక పడగొట్టి మళ్ళీ కట్టించింది. ఇల్లు కట్టడం మీద అంత ప్రేమ ఉన్న ఆడమనిషి అనడం కంటే దెయ్యాలకు భయపడిన పిచ్చిది అనడం జనానికి సులువైంది.

మరి కథ ఎలా పుట్టింది? 1895లోనే శాన్ హోసే పత్రికలో "ఇల్లు పూర్తయితే చస్తానని ఆవిడ భయం" అన్న ధోరణిలో రాశారు. అది ఆర్థికమాంద్యం కాలం, 1893 నుంచి జనం ఉద్యోగాలు లేక అల్లాడుతున్నారు. అలాంటప్పుడు ఒంటరి వితంతువు, బోలెడు డబ్బు, ఎవరింటికీ పోదు, ఎవర్నీ రానివ్వదు, కడుతూనే ఉంటుంది. మన ఊళ్ళలో ఏమవుతుందో మీకు తెలుసు. ఒంటరి ఆడమనిషి తలుపు వేసుకుని తన మానాన తను బతికితే చేతబడి అంటారు, బాణామతి అంటారు, తెలంగాణ పల్లెల్లో ఆ నింద ప్రాణాలు కూడా తీసింది. అమెరికాలో శారాకు జరిగింది ఆ జాతిదే, డబ్బు ఉంది కాబట్టి రాళ్ళ బదులు పత్రికల్లో రాతలు పడ్డాయి.

ఆవిడ పోయాక సామాను మేనకోడలికి పోయింది, భూకంపం దెబ్బతిన్న ఇంటికి పెద్ద విలువ కట్టలేదు. వినోద పార్కుల వ్యాపారంలో ఉన్న జాన్ బ్రౌన్ అనే ఆయన లీజుకు తీసుకుని 1923 వేసవిలో టికెట్టు పెట్టి జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టాడు. ఆవిడ పోయి ఏడాది కూడా తిరగలేదు. 1924లో ఇంద్రజాలికుడు హూడినీ అంతటివాడు వచ్చి చూసి వెళ్ళాడు, ఇంకేం, పేరు మోగిపోయింది. టికెట్టు కొన్నవాడికి "ఇది భూకంపంలో విరిగిన మెట్లు" అని చెబితే రెండోసారి రాడు, పక్కవాడికి చెప్పడు. చూడ్డానికి తప్పకుండా వెళ్ళమనే చెబుతాను, చెక్కపని అంత బాగుంటుంది, కానీ గైడు మాట చరిత్ర కింద తీసుకోవద్దు.

పడమటివాళ్ళు అశుభమనుకునే పదమూడు అంకె సంగతి కూడా కొందరు అడుగుతుంటారు, కిటికీలు పదమూడు, కొక్కేలు పదమూడు అని. 160 గదులు, పదివేల అద్దాలు ఉన్న ఇంట్లో ఏ అంకె కావాలంటే ఆ అంకె దొరుకుతుంది. పదకొండు వెతకండి, అదీ దొరుకుతుంది.

తుపాకుల పాపం ఆవిణ్ణి దహించిందనడానికి కూడా ఆవిడ రాతల్లో ఆధారం లేదు. ఆవిడ మనసులో ఏముందో డబ్బు ఎటు పోయిందో చూస్తే కొంత తెలుస్తుంది: భర్త క్షయతో పోయాడు కాబట్టి న్యూ హేవెన్ పక్కనే ఆయన పేరు మీద క్షయ రోగులకు ఆసుపత్రి కట్టడానికి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. యేల్ విశ్వవిద్యాలయం ఊపిరితిత్తుల విభాగానికి ఇప్పటికీ వించెస్టర్ పేరు ఉంది. ఈ సంగతి చెబితే మీ అత్తయ్యగారికి ఆవిడ మీద భయం పోయి గౌరవం కలుగుతుందని నా నమ్మకం.

ఇక మీ ఇంటి విషయం.

మేడ మీద మూసేసిన తలుపు అన్నారు. 1910, 20ల్లో ఇక్కడ చాలా ఇళ్ళకు మేడ మీద గాలికి పడుకునే వరండాలు ఉండేవి, క్షయ భయం ఉన్న రోజుల్లో రాత్రి చల్లగాలి మంచిదని అలా కట్టేవారు. వందేళ్ళలో ఆ వరండాలు చెదలు పట్టో, కుళ్ళిపోయో పడిపోతాయి, లేదా పడిపోకముందే తీసేస్తారు. పిల్లలు తెరిచి పడిపోతారేమోనని తలుపుకు మేకులు కొట్టేస్తారు. నేను చేసిన ఒక ఇంట్లో సరిగ్గా ఇదే. మన తెలుగువాళ్ళే కొన్నారు, ఆ తలుపు మీద ఇంట్లో పెద్ద గొడవ. బయటి గోడ మీద రంగు గీకితే వరండా దూలాలు దిగిన గుంటలు వరసగా, ఒకే ఎత్తున బయటపడ్డాయి, వాటిలో చెక్క ముక్కలు కొట్టి పూడ్చి ఉన్నాయి. అది చూశాక ఇంకెవరూ మాట్లాడలేదు. మీ ఇంట్లో కూడా అదే చూడండి, తలుపు కింద బయటి గోడ మీద అతుకులు ఉన్నాయా, పలకల వరస అక్కడ మారిందా అని.

మన దగ్గర కూడా ఇది ఉంది కదా. మా తాతగారి ఊళ్ళో, కోనసీమలో, ఒక మండువా లోగిలి అన్నదమ్ముల పంపకాల్లో రెండు ముక్కలైంది. తమ్ముడు తన వాటా పడగొట్టుకుని డాబా వేసుకున్నాడు, అన్న వాటాలో మేడమెట్లు సగం ఎక్కాక ఇటుక గోడ వస్తుంది. పంపకాలు చూసిన తరం పోయాక ఆ మెట్ల మీద అర్ధరాత్రి ఎవరో నడుస్తారని చెప్పుకోవడం మొదలైంది. పంపకాల కాగితం పెట్టెలో ఉంది, అందులో ఆ గోడ కొలతలు కూడా ఉన్నాయి, చదివినవాడు లేడు.

కొనేముందు మీరు చేయవలసినవి చెబుతాను.

సిటీ ఆఫీసులో ఆ ఇంటి పర్మిట్ల చరిత్ర అడగండి. ఎప్పుడు ఏది కట్టారు, ఏది పడగొట్టారు అన్నది చాలావరకు అక్కడ దొరుకుతుంది. పర్మిట్ లేకుండా మార్చి ఉంటే అది దెయ్యం కంటే పెద్ద తలనొప్పి, ధర దగ్గర మాట్లాడుకోండి.

ఆ ఇంట్లో చావులు జరిగాయా అని నేరుగా అడగండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం గత మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే కొనేవాళ్ళకు చెప్పాలి. అంతకుముందువి తమంతట తాము చెప్పనక్కర్లేదు, కానీ మీరు అడిగితే అబద్ధం చెప్పకూడదు. ఈమెయిల్లో అడగండి, జవాబు రాతలో ఉంటుంది. అత్తయ్యగారి మనసు కుదుటపడడానికి ఇది ఒక్కటే చాలొచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, వందేళ్ళ ఇంట్లో ఎవరో ఒక పెద్దాయన తన మంచం మీద కన్నుమూసి ఉండడం మామూలే, మన తాతల ఇళ్ళలో అందరూ అలాగే పోయారు.

ఇంటి నేల కింద ఉండే ఖాళీలోకి మనిషిని పంపండి. చెక్క గోడల అడుగు పట్టీని పునాదికి బోల్టులతో బిగించారా, పునాదికీ కింది అంతస్తు నేలకూ మధ్య ఉన్న పొట్టి చెక్క గోడలకు ప్లైవుడ్ కొట్టారా అన్నది చూడాలి. ఇవి లేకపోతే పెద్ద భూకంపంలో ఇల్లు పునాది మీంచి జారుతుంది. ఇటుక పునాది అయితే ఖర్చు బాగా పెరుగుతుంది. మూసిన తలుపు గురించి కాకుండా దీని గురించి టెన్షన్ పడితే న్యాయం.

కార్బన్ మోనాక్సైడ్ అలారం అన్ని అంతస్తుల్లో ఉందో లేదో చూడండి, ఇల్లు వెచ్చబరిచే పాత ఫర్నేసును టెక్నీషియన్‌తో పరీక్ష చేయించండి. ఇది దెయ్యాలతో నేరుగా సంబంధం ఉన్న విషయం. 1921లో విల్మర్ అనే కంటి డాక్టరు అమెరికన్ కంటివైద్య పత్రికలో ఒక కుటుంబం గురించి రాశారు. కొత్తగా దిగిన ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు, మంచం మీద ఎవరో కూర్చున్నట్టు, పిల్లలు పాలిపోయి, మొక్కలు చచ్చిపోయి. చూస్తే ఫర్నేసు చెడిపోయి పొగ గదుల్లోకి వస్తోంది. అది బాగుచేయించాక దెయ్యాలూ లేవు, తలనొప్పులూ లేవు. రంగు, వాసన లేని విషం అది. ఇల్లు మారగానే ఇంటిల్లిపాదికీ తలనొప్పి, నీరసం, భయం భయంగా ఉంటే దిష్టి తీయడానికి ముందు అందరూ వెంటనే బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

రాత్రి చప్పుళ్ళ మాట కూడా ఇప్పుడే చెప్పుకోవడం మంచిది. ఈ ప్రాంతంలో పగటికీ రాత్రికీ వేడిలో చాలా తేడా ఉంటుంది, ఎండకు సాగిన రెడ్‌వుడ్ దూలాలు, రేకు గొట్టాలు పొద్దుపోయాక కుదించుకుంటూ టక్ టక్ మంటాయి, అదీ ఒకదాని తర్వాత ఒకటి, అచ్చం అడుగులేస్తున్నట్టే. కొళాయి టక్కున కట్టేస్తే పాత ఇనుప పైపుల్లో ఢామ్మని మోత. కొత్త కాంక్రీటు అపార్ట్‌మెంటులో పుట్టి పెరిగినవాళ్ళకు ఇవి వింతగా ఉంటాయి, పెంకుటింట్లో పెరిగిన మీ అత్తయ్యగారికి వాసాలు చప్పుడు చేస్తాయని కొత్తగా చెప్పక్కర్లేదు.

చివరగా, ఇన్‌స్పెక్షన్ రోజున అత్తయ్యగారిని ఇంట్లో వదిలేసి వెళ్ళకండి, వెంట తీసుకెళ్ళండి. అటక మీద దూలాల్లో కొట్టిన మేకులు చూడమని ఇన్‌స్పెక్టరును అడగండి. తల నలుపలకలుగా ఉన్న కోత మేకులైతే బాగా పాతవి, సాధారణంగా 1890ల ముందువి, గుండ్రటి తీగ మేకులైతే ఆ తర్వాతవి. మూసిన తలుపుకు కొట్టిన మేకులు, అక్కడి పలకలు ఇంటి మిగతా పనికంటే కొత్తగా ఉన్నాయంటే ఆ మూత తర్వాత ఎవరో వేసిందే. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ఆ తలుపు ఊడదీయించి ఆవిడ ముందే తెరిపించండి, కానీ బయట ఏమీ లేదు కాబట్టి ముందు కింద నిచ్చెన వేయించి, ఎవర్నీ గడప దగ్గరికి పోనివ్వకండి. పర్మిట్ కాగితాలు చేతికొచ్చాక, తలుపు బయటి గోడ ఫోటో తీసి ఇక్కడ పెడితే వరండా గుర్తులు ఉన్నాయో లేదో నేను చూసి చెబుతాను.